మనం బడిలో పాడిన పాట ఎక్కడిది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "ఏదో ఒక విషయం మీద మాట్లాడు, రాజకీయాలు వద్దు, ఇరవై నిమిషాలు దాటొద్దు" అన్నారు. సరేనన్నాను. నిన్న సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమంలో చివరన అందరూ లేచి నిలబడి 'హమ్ హోంగే కామ్‌యాబ్' పాడారు. ముందు వరసలో డెబ్బై దాటిన మా లెక్కల మాస్టారు కూడా తాళం వేస్తూ పాడారు. నేను మాట్లాడదామనుకున్నది ఆ పాట గురించే. రాజకీయాలు వద్దన్న షరతు మాత్రం పూర్తిగా పాటించలేను. ఆ పాట పుట్టిందే ఒక సమ్మెలో. కార్యదర్శిగారు క్షమించాలి.

మా 1985 బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో బడుల్లో సామూహిక గానం అని ఒక కార్యక్రమం వచ్చింది. దేశంలోని రకరకాల భాషల పాటలు పిల్లలందరి చేతా పాడించేవాళ్లు. ఈ పాట మనకు హిందీ మాస్టారు నేర్పారు. హార్మోనియం లేదు. బల్ల మీద వేళ్లతో దరువు వేస్తూ నేర్పారు. అది స్వాతంత్ర్య పోరాటం నాటి హిందీ దేశభక్తి గీతం అని నేను చాలా ఏళ్లు నమ్మాను. మీలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటూ ఉండొచ్చు, తప్పేమీ లేదు. హిందీలో రాసింది గిరిజాకుమార్ మాథుర్ అనే పేరున్న కవి. కానీ ఆ వరస ఆయనది కాదు, ఆ భావమూ ఆయన సొంతం కాదు. అమెరికాలో నల్లజాతివాళ్లు పాడుకున్న 'వి షల్ ఓవర్‌కమ్' అనే పాటకు అది హిందీ రూపం.

ఆ సంగతి నాకు 2003లో తెలిసింది. ఉద్యోగం పని మీద మెంఫిస్ అనే ఊళ్లో కొన్నాళ్లున్నాను. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపింది ఆ ఊళ్లోనే, లొరేన్ మోటెల్ అనే బస ముందర. ఆ మోటెల్‌ని ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం చేశారు. ఒక ఆదివారం పొద్దుపోక వెళ్లాను. లోపల ఒక మూల సన్నగా పాట వినిపించింది. కాళ్లు ఆగిపోయాయి. పక్కన ఉన్న ఒక పెద్దావిడతో, "ఇది మా బడి పాటండీ" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వింది. "కాదు నాయనా, ఇది మా అమ్మ పాట" అంది.

ఆ తర్వాత ఈ పాట వెనక పడ్డాను. దొరికిన పుస్తకాలన్నీ చదివాను. తెలిసిందంతా చెప్పాలంటే ఈ పూట చాలదు. నన్ను ఆపేసిన చోట్ల మాత్రమే మిమ్మల్నీ ఆపుతాను.

మన ఊరి నాట్ల పాట ఎవరు రాశారని అడిగితే ఏం చెబుతాం? ఎవరో ముందర ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఒకామె చరణం కలుపుతుంది, ఇంకొకామె మాట మారుస్తుంది. ఈ పాట కథా అంతే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అనే పాస్టరుగారు ఉండేవారు. తండ్రి బానిస. టిండ్లీ చదువు తనకు తానే నేర్చుకున్నాడు. మొదట ఏ చర్చిలో ఊడ్చి తుడిచే పని చేశాడో, తర్వాత అదే చర్చికి పాస్టరయ్యాడు. ఏదో ఒక రోజు నేను గెలుస్తాను అన్న అర్థంతో ఆయన ఒక కీర్తన రాశాడు. దాని వరస వేరు. నల్లజాతి చర్చిల్లో పాడుకునే ఇంకో పాట ఉంది, నాకు మంచే జరుగుతుంది అనే అర్థం వచ్చే పాట. దాని వరసే మనం పాడేదానికి దగ్గర. ఈ రెండూ ఎక్కడ కలిశాయో, ఎవరు కలిపారో ఎవరి పేరూ చెప్పలేం. 1909లో గని కార్మికుల సంఘం పత్రికలో అచ్చయిన ఒక ఉత్తరంలో, అలబామా సమ్మె సభల్లో ఇలాంటి పేరున్న పాత పాట పాడేవాళ్లమని ఉంది. అంటే అప్పటికే అది చర్చి గడప దాటి గనిలోకి దిగింది.

ఇప్పుడు 1945కి రండి. దక్షిణ కరోలినా రాష్ట్రంలో చార్ల్స్‌టన్ అనే రేవు పట్నం. అక్కడొక సిగార్ల ఫ్యాక్టరీ. మన గుంటూరు, చీరాల వైపు వాళ్లకు పొగాకు పని అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ వాసన, ఆ దుమ్ము, రోజంతా నిలబడే కాళ్లు. ఆ అక్టోబరులో వెయ్యిమందికి పైగా పనివాళ్లు సమ్మెకు దిగారు. ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్లు. కూలి పెంచమన్నారు. సమ్మె అయిదు నెలలు సాగింది. చలికాలం, వాన. ఫ్యాక్టరీ గేటు ముందు కాపలా కాసేవాళ్లు. చీకటి పడ్డాక ఇళ్లకు పోయేముందు లూసిల్ సిమన్స్ అనే కార్మికురాలు ఈ పాట ఎత్తుకునేది. చాలా నిదానంగా, ఒక్కో మాటను సాగదీసి పాడేదట. ఆమె పాడేటప్పుడు ఒక చిన్న మార్పు జరిగింది. చర్చిలో 'నేను' అని పాడేది గేటు ముందు 'వి' అయింది. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆ సమ్మె కొద్దిపాటి పెంపుతో ముగిసింది. పెద్ద విజయమేమీ కాదు. కానీ సమ్మె చేసినవాళ్లలో కొందరు 1946లో టెనెసీ కొండల్లో ఉన్న హైలాండర్ అనే బడికి వెళ్లారు. మనం ఒక బడి స్వర్ణోత్సవంలో ఉన్నాం కాబట్టి ఈ బడి గురించి కాస్త చెప్పనివ్వండి.

హైలాండర్ ఫోక్ స్కూల్‌ని 1932లో పెట్టారు. మైల్స్ హోర్టన్ అనే ఆయన ముఖ్యుడు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు, సర్టిఫికెట్లు లేవు. పనివాళ్లు, రైతులు వచ్చి కొద్ది రోజులుండి, తమ కష్టాలు తామే మాట్లాడుకుని దారి వెతుక్కునేవాళ్లు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే బల్ల మీద భోంచేసేవాళ్లు. అప్పటి టెనెసీ చట్టం ప్రకారం ఇద్దరూ ఒక బడిలో కూర్చోవడమే నేరం. రోసా పార్క్స్ పేరు మీరంతా విన్నారు, బస్సులో సీటు ఖాళీ చేయనన్న ఆవిడ. 1955 డిసెంబరులో ఆ పని చేయడానికి కొన్ని నెలల ముందు, వేసవిలో, ఆవిడ ఈ బడికి వెళ్లి వచ్చింది. చివరికి ప్రభుత్వం 1961లో ఆ బడిని మూయించి, ఆస్తులు జప్తు చేసింది. మోపిన నేరాల్లో లైసెన్సు లేకుండా బీరు అమ్మడం ఒకటి! బడివాళ్లు పేరు కొద్దిగా మార్చుకుని వేరే ఊళ్లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది.

ఆ బడిలో పాటలు నేర్పింది మైల్స్ భార్య జిల్ఫియా హోర్టన్. చార్ల్స్‌టన్ ఆడవాళ్ల దగ్గర ఈ పాట ఆవిడ నేర్చుకుంది. అకార్డియన్ మీద వాయిస్తూ వచ్చినవాళ్లందరికీ నేర్పింది. 1947లో పీట్ సీగర్ అనే గాయకుడికి నేర్పింది. సీగర్ కొన్ని చరణాలు కలిపాడు. 'విల్' అన్నచోట 'షల్' అని మారిందీ ఆ రోజుల్లోనే. పాడేటప్పుడు 'షల్' అంటే నోరు బాగా తెరుచుకుంటుందని సీగర్ చెప్పేవాడు. అయితే ఆ మార్పు తానే చేశానని గట్టిగా చెప్పలేదు, బహుశా సెప్టిమా క్లార్క్ అనే టీచరమ్మ చేసి ఉండొచ్చు అనేవాడు. 1957లో హైలాండర్ ఇరవై అయిదేళ్ల పండుగకు కింగ్ వచ్చాడు. సీగర్ పాడాడు. మర్నాడు కారులో వెళ్తూ, ఆ పాట మనసును వదలడం లేదని కింగ్ అన్నాడట. జిల్ఫియా అప్పటికి లేదు. 1956లోనే పోయింది. తను నేర్పిన పాట ఏమైందో చూడలేదు.

1959లో ఒక రాత్రి హైలాండర్ మీద పోలీసులు దాడి చేశారు. దీపాలు ఆర్పేశారు. లోపల ఉన్నవాళ్లలో పిల్లలూ ఉన్నారు. జమీలా జోన్స్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి చీకట్లో ఈ పాట మొదలుపెట్టి, అప్పటిదాకా లేని చరణం ఒకటి అందుకుంది. మాకు భయం లేదు అనే అర్థంతో. మిగతావాళ్లు గొంతు కలిపారు. తన ముందు నిలబడ్డ పోలీసు చేయి వణకడం చూశానని, అంత గట్టిగా పాడాలా అని అతను అడిగాడని ఆవిడ పెద్దయ్యాక చెప్పింది. మీరు ఇప్పుడు హిందీలో పాడే భయం చరణం ఆ చీకట్లో పుట్టింది. మన బడిలో ఆ చరణం పాడేటప్పుడు మాస్టారు గట్టిగా పాడమనేవారు. ఎందుకు గట్టిగా పాడాలో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

మరుసటి ఏడు, 1960 ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల్లో, రాలీ పట్నంలోని షా యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు సమావేశమయ్యారు. హోటళ్లలో తమకు తిండి పెట్టని బల్లల దగ్గర కూర్చుని, లేవకుండా సత్యాగ్రహం చేసిన కుర్రాళ్లు వాళ్లు. వాళ్లలో నాష్‌విల్ ఊరి విద్యార్థులకు అహింస పాఠాలు చెప్పినాయన జేమ్స్ లాసన్. ఆయన అంతకుముందు మూడేళ్లు మన నాగపూర్‌లో, హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీ పద్ధతులు చదువుకుని వెళ్లాడు. ఆ సమావేశంలో గై కారవాన్ అనే తెల్లజాతి గాయకుడు గిటారుతో ఈ పాట పాడాడు. అందరూ లేచారు, చేతులు పెనవేసుకున్నారు, ఊగుతూ పాడారు. ఆ రోజు నుంచి అది ఉద్యమం పాట అయిపోయింది. తర్వాత ఆ పిల్లలు గిటారు పక్కన పెట్టి, తమ చర్చి నడకలోకి దాన్ని మళ్లీ లాక్కున్నారు. పాట ఇల్లు చేరింది.

మిగతాది చరిత్ర పుస్తకాల్లో ఉంది, త్వరగా చెబుతాను. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండు లక్షలకు పైగా జనం ముందు జోన్ బయెజ్ పాడింది. 1965 ఏప్రిల్ 1న దక్షిణాఫ్రికాలో జాన్ హారిస్ అనే తెల్లజాతివాడిని, వర్ణవివక్షకు ఎదురుతిరిగినవాడిని, ఉరితీశారు. ఇదే పాట పాడుతూ ఉరికంబం దగ్గరికి నడిచాడు. అతను పెట్టిన బాంబు ఒక ముసలావిడ ప్రాణం తీసింది, ఆ సంగతీ దాచకూడదు. ఉత్తర ఐర్లండ్ ఊరేగింపుల్లో పాడారు. 1989లో ప్రాగ్ వీధుల్లో చెక్ మాటలతో పాడారు. మన దేశంలో బెంగాలీలోకి హేమాంగ బిశ్వాస్ తెచ్చారు. 1983లో వచ్చిన 'జానే భీ దో యారో' సినిమా చివర్లో వినిపిస్తుంది. అమాయకులు జైలుకు, దొంగలు దర్జాగా ఇంటికి పోతుంటే ఆ పాట వస్తుంది. అక్కడ దాన్ని ఎక్కిరింతగా వాడారు. నవ్వొస్తుంది, తర్వాత నవ్వు పోతుంది.

ఈ పాటను అందరూ నెత్తిన పెట్టుకున్నారని కూడా అనుకోవద్దు. మాల్కం ఎక్స్‌కు ఇది నచ్చలేదు. పాడుతూ కూర్చుంటే హక్కులు రావని ఎద్దేవా చేశాడు. ఆ మాటలో నిజం లేదని నేను అనలేను.

కోర్టు కథ కూడా ఒకటుంది. 1960లోనూ, 1963లోనూ ఈ పాట మీద సీగర్, కారవాన్, ఫ్రాంక్ హామిల్టన్, జిల్ఫియా హోర్టన్ పేర్లతో కాపీరైటు తీసుకున్నారు. సినిమావాళ్లు ఎవరైనా ఎత్తుకుపోకుండా ఉండాలని అలా చేశామన్నారు. వచ్చే డబ్బు తాము తినలేదు. ఒక నిధి పెట్టి దక్షిణాది నల్లజాతి సమాజాల పనులకు ఇచ్చారు. అయినా, అందరిదీ అయిన పాటకు యజమాని ఏమిటని 2016లో కొందరు దావా వేశారు. ఒక్క మాట మార్చినంత మాత్రాన పాత పాట కొత్తదైపోదని 2017లో న్యూయార్క్ జడ్జి డెనీస్ కోట్ అన్నారు. 2018 జనవరిలో రాజీ కుదిరింది. ఇప్పుడది ఎవరి సొత్తూ కాదు. మన నాట్ల పాటల సంగతే అయింది చివరికి.

ఇక ఆ 'వి' దగ్గరికి వస్తాను.

తెలుగులో మనకొక సదుపాయం ఉంది. ఇంగ్లీషుకు లేదు, హిందీకీ లేదు. 'మేము' అంటే ఎదుటివాడు లేడు. 'మనం' అంటే ఎదుటివాడూ ఉన్నాడు. ఇంగ్లీషువాడు 'వి' అని ఊరుకుంటాడు, హిందీవాడు 'హమ్' అని ఊరుకుంటాడు. ఈ పాటను తెలుగు చేయమంటే మొదటి మాటకే పెన్ను ఆగిపోతుంది. మేము గెలుస్తాం అనాలా, మనం గెలుస్తాం అనాలా? చార్ల్స్‌టన్‌లో ఫ్యాక్టరీ గేటు వైపు తిరిగి పాడినప్పుడు అది 'మేము'. హైలాండర్‌లో పోలీసు ముందు ఆ పిల్ల పాడినప్పుడు 'మేము'. 1965 మార్చి 7న సెల్మా ఊళ్లో వంతెన మీద పోలీసులు నల్లజాతివాళ్లను లాఠీలతో కొట్టారు, దేశమంతా టీవీలో చూసింది. మార్చి 15న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ, ఇది నల్లవాళ్ల సమస్య కాదు, మనందరిదీ అని చెప్పి, ఈ పాట పేరులోని ఆ మూడు మాటలే పలికాడు. టెక్సస్ నుంచి వచ్చిన దక్షిణాది తెల్లజాతివాడు ఆయన. టీవీ ముందు కూర్చున్న కింగ్ కళ్లల్లో ఆ రాత్రి నీళ్లు తిరిగాయని పక్కనున్న జాన్ లూయిస్ తర్వాత చెప్పాడు. ఆ ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆ రాత్రి అదే మాట 'మేము' నుంచి 'మనం' అయిందని నా లెక్క. అక్షరం మారలేదు, పలికిన నోరు మారింది.

బెర్నీస్ జాన్సన్ రీగన్ అని జార్జియాలోని ఆల్బనీ ఊరి గాయని ఉండేవారు. ఉద్యమంలో దిగినందుకు కాలేజీ నుంచి పంపేశారు. తర్వాత పెద్ద చరిత్ర పరిశోధకురాలు అయ్యారు. ఆవిడ దీనికి అడ్డం తిరిగి ఒక మాట అన్నారు. మా చర్చిలో 'నేను' అంటే ఒంటరివాడు కాదు, అయిదుగురు కూర్చుని అయిదుగురూ 'నేను' అంటే అక్కడొక గుంపు ఉన్నట్టు లెక్క. 'మేము' అనేవాడు తాను వస్తాడో రాడో చెప్పకుండా దాక్కోవచ్చు అని. ఆ ముక్క చదివినప్పుడు నాకు మెంఫిస్ గుర్తు రాలేదు. మన బడి గుర్తొచ్చింది.

1984 ఆగస్టు 15. నేను తొమ్మిదో తరగతి. ఈ పాటకు మొదట గొంతు ఎత్తేవాడు నా పక్క బెంచీ కుర్రాడు. వాడి పేరు చెప్పను. ఈ సభలోనే మూడో వరసలో ఉన్నాడు. చెప్పమంటావా అని అడిగితే, "కథ చెప్పు, పేరొద్దు" అన్నాడు. వాడిది ఊరి చివర పేట. మూడు వారాలు వాడే ఎత్తుకున్నాడు, మేం అందుకున్నాం. నేర్చుకున్న మొదటి రోజే, "ఒరేయ్, ఇది మా చర్చి పాటలా ఉందిరా" అన్నాడు. అందరం నవ్వాం. హిందీ పాట చర్చి పాట ఎలా అవుతుందిరా అని నేను వాణ్ని ఏడిపించాను కూడా. పందొమ్మిదేళ్ల తర్వాత అమెరికాలో పుస్తకాలు తిరగేసి నేను తెలుసుకున్నదాన్ని వాడు పద్నాలుగేళ్ల వయసులో చెవితో పట్టుకున్నాడు.

పండుగ ముందురోజు సాయంత్రం మార్పు జరిగింది. పెద్ద అతిథి వస్తున్నాడు, ముందు నిలబడే వాడికి బూట్లు ఉండాలి, వాడికి లేవు, కాబట్టి నేను ఎత్తుకోవాలి అన్నారు. ఎవరన్నారో అనవసరం. నాకూ బూట్లు లేవు. మా నాన్నగారు పక్కింటివాళ్ల అబ్బాయి బూట్లు అడిగి తెచ్చారు. ఒక సైజు పెద్దవి, ముందర కాగితాలు కుక్కుకున్నాను. వాడి కోసం ఎవరూ అలా అడిగి తేలేదు. నేను తొమ్మిదో తరగతి పిల్లాణ్ని, నాకేం తెలుసు అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. తెలుసు. కారణం బూట్లు కాదని నాకు ఆ సాయంత్రమే తెలుసు. వాడు వెనక వరసలో నిలబడ్డాడు. నేను ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఒకరి చేయి ఒకరం పట్టుకుంటాం అనే అర్థం వచ్చే చరణం శ్రావ్యంగా పాడాను. అతిథి మెచ్చుకుని పెన్ను ఇచ్చాడు. ఆ పెన్ను చాలా రోజులు వాడాను.

మా 'హమ్' ఆ రోజు 'మనం' కాదు.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చాడు. కేరళలో ఒక బడికి వెళ్లాడు. చదివేవాళ్లు ఎక్కువమంది దళితుల పిల్లలు. హెడ్మాస్టరు ఆయన్ని పిల్లలకు పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు అన్నారట. ఆ మాటకు మొదట కోపం వచ్చిందని, తర్వాత తన దేశంలో తనవాళ్ల బతుకు గుర్తుచేసుకుని, అవును, నేనూ అంటరానివాణ్నే అని మనసులో ఒప్పుకున్నానని 1965 జులై 4న తన చర్చిలో కింగే చెప్పాడు. ఆ ముక్క మొదటిసారి చదివినప్పుడు నేను ఆ హెడ్మాస్టరు వైపు నుంచి ఆలోచించాను. తర్వాత ఆ పిల్లల వైపు నుంచి. మా వెనక వరస వైపు నుంచి ఆలోచించడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

నేను మా మిత్రుడికి 2011లో ఫోన్ చేశాను. రైల్వేలో ఉద్యోగం, అప్పుడు విజయవాడలో ఉన్నాడు. ఈ కథంతా చెప్పి, ఆ బూట్ల సంగతీ చెప్పి, క్షమించరా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "నువ్వు పాట రెండో చరణం తప్పు పాడావురా ఆ రోజు. నాకు ఇప్పటికీ అదే బాధ" అన్నాడు. తర్వాత, "మా చర్చిలో పిల్లలకు నేనే నేర్పుతున్నా ఇది. కొత్త పిల్లల్ని ముందు నిలబెడతా" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు. ఇవాళ ఇక్కడికి రావడానికి కూడా మూడుసార్లు అడిగించుకున్నాడు.

మన సంఘం ఈ ఏడు స్కాలర్‌షిప్పులు మొదలుపెడుతోంది. సంతోషం. సెక్రటరీగారూ, ఆ జాబితాలో యూనిఫాం, బూట్లు అని ఒక వరస చేర్చండి. దానికయ్యే ఖర్చు నేనిస్తాను. మీరు రాసుకోవాల్సింది మా 1985 బ్యాచ్ పేరు కాదు, నా పేరు. రీగన్‌గారు చెప్పింది అదే కదా.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా మిత్రుణ్ని, ఈ పూట వేదిక మీదికి వచ్చి పాట ఎత్తుకోరా అని అడిగాను. గొంతు పోయింది, పాడలేను అన్నాడు. అయితే ఒక పద్ధతి చెప్పాడు. ఆ నల్లజాతి చర్చిల్లోనూ ఉన్న పద్ధతే, మన పేట చర్చిలోనూ ఉన్నదే. పుస్తకాలు లేని చోట ఒకరు ముందు మాటలు అందిస్తారు, మిగతావాళ్లు వెంటనే పాడతారు. తాను మాటలు అందిస్తానన్నాడు. హిందీ వద్దు, తెలుగులో తానే రాసుకున్నానన్నాడు. నాకు చూపించలేదు. మొదటి మాట 'మేము' అని రాశాడో, 'మనం' అని రాశాడో నాకు తెలియదు.

రారా, మైకు ఇక్కడుంది. నేను వెనక్కి వెళ్తున్నాను.